పడమటి పార్కింగ్‌లో ఆరో అంతస్తు

లాస్ వేగస్‌లో చాలాకాలంగా ఉంటున్నవాళ్ళకు ఒక గర్వం ఉంటుంది. కేసినోకి వెళ్ళినప్పుడు కారు ఎక్కడ పెట్టామో గుర్తు రాసుకోరు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు కారు దిగగానే ఫోన్ తీసి స్తంభం మీది నంబరును ఫొటో తీసుకుంటుంటే చూసి నవ్వుకుంటారు. లైల్ బాస్కమ్ కూడా అలా నవ్వుకునే మనిషే.

లైల్‌కి యాభై రెండేళ్ళు. ఏసీలు బాగుచేస్తాడు. పెళ్ళి నిలబడలేదు, పిల్లలు లేరు. తల్లి వెర్నాకి రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అప్పటి నుంచి స్నానం, మందులు, తిండి, పక్క మార్చడం అన్నీ అతనే. ఏనాడూ ఎవరి దగ్గరా విసుక్కోలేదు. కానీ విసుగు గోడలో చెమ్మలాంటిది. పైకి కనపడేసరికి లోపల ఇటుక మెత్తబడిపోయి ఉంటుంది.

జూలైలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ డాక్టరు దగ్గర నుంచి వస్తున్నారు. మంగళవారం సిల్వర్ మెసా కేసినోలో సభ్యత్వ కార్డు ఉన్నవాళ్ళకు కానుకలిచ్చే రోజు. ఆ నెల వంట పాత్రల సెట్టు, వారానికొకటి చొప్పున ఇస్తున్నారు. పోయిన వారం పెద్ద పెనం ఇచ్చారు, ఈ వారం దాని మూత. కార్డు వెర్నా పేరు మీద ఉంది. జూదం మెషిన్లలో ఇంకా నాణేలు వేసే కాలంలో ఆమె అక్కడే చిల్లరిచ్చే పని చేసింది.

ఎండ మండిపోతోందనీ, ఇంకోసారి చూద్దామనీ లైల్ నచ్చజెప్పబోయాడు.

"వచ్చే వారం గరిటె ఇస్తార్రా. మూత ఈ వారమే," అంది వెర్నా. "మూత లేని పెనం ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకోనా?"

బయట నూట పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్. ఎప్పుడూ పెట్టే తూర్పు పార్కింగ్ నిండిపోయింది. పడమటి దానిలో కింది నుంచి ఐదో అంతస్తు దాకా కార్లు ఖాళీ కోసం గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఏడోది కప్పు లేని డాబా. జూలైలో ఆ ఊరివాడెవడూ అక్కడ కారు పెట్టడు. ఆరోది మాత్రం దాదాపు ఖాళీగా ఉంది. నాలుగే కార్లు, వాటి మీద వేలెడు దుమ్ము. సగం లైట్లు వెలగడం లేదు. తన అదృష్టం బాగుందనుకున్నాడు లైల్. చివరి మూలన, నీడలో కారు ఆపాడు.

డిక్కీలోంచి చక్రాల కుర్చీ దించి, విప్పి, తల్లిని ఎత్తి కూర్చోబెట్టి, కాలికి పట్టీ కట్టేసరికి పావుగంట పడుతుంది. మళ్ళీ ఎక్కించడానికి ఇంకో పావుగంట. అందుకని ఏసీ వేసి ఉంచాడు.

"పది నిమిషాల్లో వచ్చేస్తానమ్మా."

"నీళ్ళయిపోయాయిరా," అందామె సీసా చూపించి. వచ్చేటప్పుడు తెస్తానన్నాడు.

అతని పాత కారుకు తాళం తిప్పితే మళ్ళీ తిప్పేదాకా ఇంజను నడుస్తూనే ఉండేది. ఇది మే నెలలో కొన్న కారు, బటన్ నొక్కితే నడిచేది. ఎవరూ నడపకపోతే అరగంటకి దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు ఏసీ ఉండదు, అద్దాలూ దిగవు. అమ్మినవాడు ఈ మాట రెండుసార్లు చెప్పాడు. లైల్‌కి గుర్తుంది కూడా. పది నిమిషాలు అరగంట కన్నా తక్కువే కదా అనుకున్నాడు. లెక్క తప్పలేదు. మనిషి తప్పాడు.

మూత పన్నెండు నిమిషాల్లో చేతికొచ్చింది. దాన్ని చంకలో పెట్టుకుని లిఫ్టు వైపు నడిచాడు. దారి పొడుగునా స్లాట్ మెషిన్లే. ఒకదాని ముందు కూర్చున్నాడు. ఆశ కాదు అతన్ని కూర్చోబెట్టింది. అక్కడ చల్లగా ఉంది. అతన్ని ఎవరూ పిలవడం లేదు. రెండేళ్ళలో మొదటిసారి, ఎవరూ పిలవడం లేదు...

కేసినో గోడలకు గడియారాలుండవు. ఫోన్ తీసి చూసుకునేసరికి గంటా పది నిమిషాలయింది.

పరుగెత్తాడు. పడమటి లిఫ్టుకి పోయే నడవా మరమ్మతుల కోసం చెక్కలు కొట్టి మూసేశారు. బాణం గుర్తులు పట్టుకుని తిరిగి తిరిగి ఏదో లిఫ్టెక్కి ఆరో అంతస్తులో దిగాడు. నిండా కార్లు. తనది లేదు. తాళం బటన్ నొక్కాడు. హారన్ మోగలేదు. ఐదుకి దిగాడు. ఏడుకి ఎక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. ఎక్కడా చప్పుడు లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

అప్పుడొక బ్యాటరీ బండి వచ్చి పక్కన ఆగింది. కారు ఎక్కడ పెట్టారో మరిచిపోయినవాళ్ళను ఎక్కించుకుని వెతికిపెట్టే బండి అది. నడిపేది లిగాయ అనే ఫిలిపినో ఆవిడ, అరవై ఏళ్ళుంటాయి.

"ఎక్కన్నా. ఏ ఊరి నుంచి వచ్చావు?"

ఇక్కడివాణ్ణేనన్నాడు లైల్. ఆమె నవ్వింది. టూరిస్టులు నంబరన్నా చెప్తారనీ, ఊరివాళ్ళతోనే తన ప్రాణం పోతోందనీ అంది. నంబరు అడగలేదు. ఆ బండి నడిపేవాళ్ళెవరూ అడగరు, అడిగి లాభం లేదని వాళ్ళకు తెలుసు.

"కారు దిగగానే కంటికి ఏం కనపడింది?"

"ఏమీ లేదు. ఖాళీ. నాలుగు కార్లు, దుమ్ము కొట్టుకుని... సగం లైట్లు లేవు."

లిగాయ నవ్వు ఆగిపోయింది. ఇది తూర్పు పార్కింగ్ అని చెప్పి బండి తిప్పింది. కాసేపటికి, వెనక్కి చూడకుండా అడిగింది.

"కార్లో ఎవరన్నా ఉన్నారా?"

"లేరు," అన్నాడు లైల్.

లేవలేని మనిషిని అలా వదిలితే పోలీసులొస్తారు. ఆ భయమే ముందు మాట్లాడింది. రెండు మలుపులు తిరిగాక గాని నిజం నోట్లోంచి రాలేదు. "అమ్మ ఉంది."

ఆమె తిట్టలేదు. రేడియోలో అంబులెన్సు కోసం చెప్పి బండి వేగం పెంచింది. ర్యాంపు ఎక్కుతుండగా మెల్లగా మాట్లాడింది. రెండు వేసవుల కింద ఒకాయన ఇలాగే తల్లిని ఆ మూలన వదిలి లోపలికి వెళ్ళాడు. కిందికి పోయి మంచుముక్కల్లో తువ్వాలు తడిపి తెచ్చేసరికి ఆమె ప్రాణం లేదు. ఆ సెప్టెంబరులో ఆయన కూడా అక్కడే, అదే మూలన పోయాడు.

"ఊరివాళ్ళు ఆరో అంతస్తులో పెట్టరన్నా. నువ్వు ఊరివాడివేగా."

ఆరో అంతస్తు మొదట్లో బండి ఆపేసింది. "నేనిక్కడిదాకానే," అంది. అంబులెన్సువాళ్ళకు దారి చూపాలని ఒక సాకు కూడా చెప్పింది.

లైల్ దిగి నడిచాడు. పట్టపగలే అక్కడ మునిచీకటిలా ఉంది. పై డాబా ఎండకి కాలి, కప్పు లోంచి సెగ దిగుతోంది. కాలిన రబ్బరు వాసన. దుమ్ము వాసన. ఇంకొంచెం ముందుకు పోయాక ఇంకో వాసన... తడిబట్ట వాసన.

టప్.

ఆగాడు. చుట్టూ చూశాడు. పైన పైపులేమీ లేవు.

టప్... టప్...

కింద సిమెంటు మీద తడి పాదాల గుర్తులు. చెప్పులు లేని కాళ్ళు. ఆ వేడికి చుక్క నీరు పడితే క్షణంలో ఇగిరిపోవాలి. ఇవి ఇగరలేదు. మెట్ల వైపు నుంచి వచ్చాయి. మూలకి వెళ్ళాయి. మళ్ళీ మెట్ల వైపు. మళ్ళీ మూలకి. ఎన్నిసార్లు తిరిగాడో... ఎవరో.

కారు కనపడింది. ఇంజను చప్పుడు లేదు. అద్దాలు లోపలి నుంచి మసకబారి ఉన్నాయి.

"అమ్మా..."

తలుపు లాగాడు. లోపలి నుంచి చలి వచ్చి ముఖాన కొట్టింది. ఏసీ చలి కాదు. ఏసీ చలి అతనికి తెలుసు, అదే అతని బతుకు. ఇది పాడుబడ్డ బావిలోంచి వచ్చే చలి.

వెర్నా బతికే ఉంది. మెడ చుట్టూ తెల్లటి తువ్వాలు, నీళ్ళోడుతూ. పెదాలు తడిగా ఉన్నాయి. సగం మూతితో నవ్వుతోంది. అతన్ని చూసి ఆ నవ్వు తగ్గింది.

"ఎవరండీ మీరు?"

"నేనమ్మా. లైల్‌ని."

"లైల్ ఇప్పుడే వెళ్ళాడు," అందామె గుసగుసగా. "ఇంకోసారి తడిపి తెస్తానన్నాడు. పాపం, మెట్లెక్కి దిగి కాళ్ళు బొబ్బలెక్కాయి వాడికి."

టప్... టప్... అతని వీపు వెనకే.

ఆగిపోయింది.

లైల్ తిరిగి చూడలేదు. తల్లి మాత్రం అతని భుజం మీదుగా చూసింది. మళ్ళీ నవ్వింది.

ఆసుపత్రిలో అన్నీ చూసి ఆమెకేమీ కాలేదన్నారు. ఒంటి వేడి కూడా మామూలుగానే ఉంది. గంట సేపు ఆగిన కారులో ఉన్న మనిషని అంబులెన్సువాళ్ళు చెప్తే డాక్టరు నమ్మలేదు. ఎంతసేపు వదిలావని పోలీసులు అడిగితే పావుగంటన్నాడు లైల్. వెర్నా అదీ ఒప్పుకోలేదు. తన కొడుకు తన పక్కనే ఉన్నాడని, ఒక్క క్షణం కూడా వదల్లేదని గట్టిగా చెప్పింది.

ఇది జరిగి మూడు వారాలు. లైల్ సూప్ కలిపి ఇస్తే వెర్నా తాగుతుంది. ఒళ్ళు తుడిస్తే తుడిపించుకుంటుంది. జీతానికి కుదిరినవాడితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతుంది. "మీకు శ్రమ ఇస్తున్నాను," అంటుంది. ఫొటోలు చూపించాడు. చిన్నప్పటి సంగతులు చెప్పాడు. ఆమె ఓపిగ్గా వింటుంది. "మా వాడు కూడా ఈ మాటే చెప్పాడు," అంటుంది.

ఆ తువ్వాలు వెనక వరండాలో తీగ మీద ఆరేశాడు. ఆ ఎడారి గాలికి పిండిన చొక్కా పది నిమిషాల్లో అప్పడమవుతుంది. తువ్వాలు ఆరలేదు. మూడు వారాలుగా చుక్క చుక్కగా కారుతూనే ఉంది. పారేద్దామని చేయి చాపితే తల్లి కిటికీలోంచి చూస్తూ ఉంటుంది.

నిన్న సాయంత్రం పని నుంచి వచ్చేసరికి తువ్వాలు తీగ మీద లేదు. వరండాలో తడి పాదాల గుర్తులు. గడప దాటి, వంటిల్లు దాటి, తల్లి గది వైపు. లైల్ బూట్లు విప్పాడు. ఎందుకు విప్పాడో అతనికే తెలియదు. మొదటి గుర్తు మీద తన పాదం పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

లోపలి నుంచి తల్లి గొంతు. మూడు వారాలుగా అతను వినని గొంతు, మెత్తగా, ప్రేమగా.

"వచ్చావా నాయనా?"

లైల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జవాబివ్వడానికి నోరు తెరిచాడు.

"వచ్చానమ్మా," అంది గదిలోంచి అతని గొంతు.