చింతపండుతో తోమిన రేకు

ఊపిరిముల్లు మూడు దగ్గరే ఆగి ఉంది. పైడిరాజు పెట్టెను తట్టి చూశాడు. ముల్లు కదలలేదు.

భీమిలి తీరానికి దూరంగా, సముద్రం అడుగున కట్టిన లోతుపేటలో ప్రతి ఇంటికీ ఒక ఊపిరిపెట్టె ఉంటుంది. అది కరెంటుతో నీటిని విడగొట్టి ప్రాణవాయువు తీస్తుంది. పెట్టె మీది ముల్లు ఎంత చూపితే ఇంట్లో అంతమందే ఉండాలి. ఎక్కువైన మనిషి గట్టుకు వెళ్ళిపోవాలి. ఈ నిబంధన రాసినవాళ్ళు హాయిగా గట్టు మీదే ఉంటారు లెండి.

ఈ ఇంట్లో నూకాలమ్మ, ఆమె కొడుకు, నిండు నెలల కోడలు కనకరత్నం ఉంటున్నారు. రేపో మాపో నాలుగో ప్రాణి వస్తుంది. నూకాలమ్మ అప్పుడే మూట సర్దేసుకుంది.

పెట్టెలు బాగుచేసే పైడిరాజుకు అంతుపట్టనిది ఒక్కటే. నాలుగు రోజుల కిందట ఇదే పెట్టె నాలుగున్నర చూపింది. నీరూ అదే, కరెంటూ అదే. లోపలి రేకు బయటికి తీశాడు. తళతళ మెరుస్తోంది.

“దీన్నెవులు తోమినారు?”

నూకాలమ్మ తల వంచుకుంది. కనకరత్నమే చెప్పింది. “గోధుమరంగు మరక పట్టేసింది, బిడ్డ పీల్చే గాలి కదా అని, మా అత్త చింతపండెట్టి ఇత్తడి బిందె తోమినట్టు తోమేసింది.”

పైడిరాజు కళ్ళు పెద్దవయ్యాయి. “ఆ మరకే ఊపిరి తీసేదమ్మా! రేకు నికెల్‌ది. ఒట్టి నికెల్‌కి బద్ధకం. పాత గొట్టాల్లోంచి వచ్చే ఇనుము రవ్వంత దానికి పడితేగానీ పని అందుకోదు. పైగా ఆ పూత మడతకాజాలాగ పొరలు పొరలుగా ఉంటాది. పొరల్లోకి నీరు దూరితేనే గాలి జోరుగా పుడతాది. తోమీసరికి పొరలూ పోనాయి, ఇనుమూ పోనాది.”

రేకు తిరిగి బిగించి, ఇనప పెనం గీకి, ఆ పొడిని పెట్టెలోని క్షారజలంలో కలిపి కరెంటు పెట్టాడు. పనిచేస్తుందో లేదో అతనికీ తెలియదు. గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. రేకు మెల్లగా రంగు తిరిగింది. సాయంత్రానికి ముల్లు నాలుగు దాటింది.

“మామ్మా, మూట విప్పీ!”

నూకాలమ్మ పలకలేదు. పొద్దుటినుంచి ఆమె నోట ఒక్క మాట కూడా వినలేదని అతనికి అప్పుడు తట్టింది.

“మాటాడితే గాలి ఖర్చని మూడు రోజులై నోరు కట్టేసుకుంది. నానూ అత్తతో మాటాడ్డం మానేసినాను,” అంది కనకరత్నం. అత్త పక్కన కూలబడింది. “ఇంక మాటాడు అత్తా. గాలుంది.”

ముసలామె కోడలి చెయ్యి పట్టుకుంది.

“రేకు తోమి ముల్లు పడగొట్టినందుకు ముందు నన్ను తిట్టవే. గాలి దాసుకోడానికి తిట్టలేదో, నా మీద మనసు ఇరిగిపోయి తిట్టలేదో తెలీక, మూడు రోజులూ సచ్చిపోనానే.”

కనకరత్నం కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.