ఆపరేషన్ పాత ఫోన్

"మొత్తం నాలుగు వందల పన్నెండు," అన్నాడు పెద్దాయన. "నిన్న సాయంత్రం ఐదింటికి ఉన్నాయి. ఐదూ పదికి ఒక్కటీ లేదు."

ఏజెంట్ తూనీగ తల ఊపాడు. ముందు జిరాక్స్ షాపులో రెండు మెషిన్లు ఆగకుండా తిరుగుతున్నాయి. ఆ చప్పుడు కోసమే రహస్య విభాగం ఈ వెనక గదిని అద్దెకు తీసుకుంది. గోడకు ఎవరు చెవి ఆనించినా వినపడేది కాగితాల గరగరే.

పోయినవి ఫోటోలు. నదిమీద కొత్తగా కట్టిన వేలాడే వంతెనకు ఒక విదేశీ కంపెనీ ఉక్కు తీగలు సరఫరా చేసింది. వంతెనల శాఖలో పనిచేసే ఒక మహిళా ఇంజనీరు మూడు నెలలపాటు స్తంభాలెక్కి ఆ తీగలను దగ్గరనుంచి ఫోటోలు తీసింది. పైకి మెరుపు, లోపల నాసిరకం. చాలాచోట్ల పోగులు అప్పుడే తెగిపోతున్నాయి. ఆమె ఫిర్యాదు చేసిన వారానికే కంపెనీ అన్ని తీగలకూ తొడుగులు వేసి వెల్డింగ్ చేయించేసింది. ఇప్పుడు ఎవరు ఎక్కి చూసినా తొడుగే కనిపిస్తుంది. తేదీ, టైము, లొకేషన్ నమోదైన ఆ ఫోటోలు తప్ప ఇంకో రుజువు లేదు.

"ఇవాళ మూడున్నరకు కమిటీ కూర్చుంటుంది. నాలుగింటికి వంతెనమీద మొదటి బస్సు. ఈలోగా ఫోటోలు చూపిస్తే బస్సు ఆగుతుంది. చూపించకపోతే బస్సు కదులుతుంది, ఆ అమ్మాయి ఉద్యోగం ఊడుతుంది. తప్పుగా ఆరోపించానని సంతకం పెడితే క్షమిస్తామని ఉత్తరం టైపు చేసి మరీ ఇచ్చారు."

"పెట్టిందా?"

"పెట్టే మనిషైతే నిన్నెందుకు పిలుస్తాను?"

కంపెనీ వెనక ఒక విదేశీ ముఠా ఉందని విభాగానికి తెలుసు. ఫోటోలను ఎవరి చేత్తో చెరిపించిందో తెలియదు. అయితే వంతెనల శాఖ ఆఫీసులో విభాగం మనిషి ఒకామె ఉంది. రెండేళ్ళ క్రితం డేటా సలహాదారుగా చేర్పించారు. బీరువాల్లోని ఫైళ్ళన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించింది కాబట్టి ఆఫీసంతా ఆమెను క్లౌడ్ మేడమ్ అంటుంది. నీలి కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు, ఎవరినైనా కూర్చోబెట్టి ఒప్పించగల గొంతు. అవసరం పడితే ఆమె సాయం తీసుకోమని చెప్పి పెద్దాయన ఒక బెల్టు అందించాడు. బకిల్ నొక్కితే మూడు రకాల కేబుళ్ళు బయటికొస్తాయి. లోకంలో ఏ ఫోన్‌లోంచైనా ఐదు నిమిషాల్లో కాపీ లాగేస్తుందట. దానిమీద విభాగం ఏడాదిపాటు పనిచేసింది.

సస్పెన్షన్‌లో ఉన్న ఇంజనీరు వాళ్ళమ్మ టైలరింగ్ షాపులో కూర్చుని గుండీలు కుడుతోంది. తూనీగ మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ వేషంలో, విభాగం స్టోర్స్‌లో దొరికిన కోటు వేసుకుని రెండు గంటలకు లోపలికి వచ్చాడు.

"ఎడమ భుజం కొంచెం ఎత్తుగా ఉందండీ," అన్నాడు.

అది కోడ్. జవాబు ఇంజనీరు చెప్పాలి. కానీ కత్తెర పట్టుకుని నిలబడ్డ వాళ్ళమ్మ ముందు అతని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"భుజం బాగానే ఉంది. కోటే నీది కాదు. ఎవరిది బాబూ ఇది? విప్పు."

విప్పాడు. తొమ్మిదేళ్ళ సర్వీసులో అతని మారువేషాన్ని ఇంత త్వరగా ఎవరూ పట్టుకోలేదు. ఆమె కోటు కొక్కేనికి తగిలించి, నెంబరు చీటీ రాసి అతని చేతిలో పెట్టింది. ఇంజనీరు నవ్వు ఆపుకుని, కోడ్‌కు జవాబు చెప్పి, అతన్ని లోపలి బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

జరిగింది ఆమె దాచకుండా చెప్పింది. రెండు నెలల క్రితం కొత్త ఫోన్ కొన్నది. పాత ఫోన్‌లో తీసిన ఫోటోలన్నీ క్లౌడ్‌లోకి వెళ్ళి, అక్కడినుంచి కొత్తదానిలోనూ కనిపించాయి. కొన్నాళ్ళకు స్టోరేజ్ నిండిందని మెసేజ్ వచ్చింది. ఖాళీ చేయమంటారా అంటే చేయమంది. క్లౌడ్‌లో ఉన్నాయన్న ధైర్యం. నిన్న ఎవరో ఆమె పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళి అన్నీ డిలీట్ చేశారు. పొరపాటున పోయినవి నెల రోజులు ఉంచే ట్రాష్‌ను కూడా ఊడ్చేశారు.

"రెండు చోట్ల కనిపిస్తున్నాయి కదా, రెండు కాపీలున్నాయనుకున్నాను సార్. ఉన్నది ఒక్కటే. రెండు కిటికీల్లోంచి దాన్నే చూస్తూ కూర్చున్నాను." కళ్ళనీళ్ళు లేవు. సూదిని బట్టలోకి గట్టిగా దించింది. "అయినా ఆ ఉత్తరంమీద సంతకం పెట్టను. ఫోటోలు చెరిపారు గానీ నేను చూసింది చెరపలేరుగా."

తూనీగ పాత ఫోన్ గురించి అడిగాడు. అమ్మకు ఇచ్చేశానంది. కొత్త డిజైన్లూ కొలతల చీటీలూ ఫోటోలు తీసుకోవడానికి. సిమ్ లేదు, షాపులో నెట్ లేదు. అంతా చెరపమంటావా అని ఫోన్ అడుగుతుంది, అవునని నొక్కమ్మా అని చెప్పి ఇచ్చింది.

"నేనేం నొక్కలేదు," అంది వాళ్ళమ్మ, కుట్టు ఆపకుండానే.

ఇంజనీరు చేతిలోని గుండీ కిందపడింది. నొక్కమని చెప్పానుగా అంది.

"చెప్పావులే. అది రోజుకు పదిసార్లు ఏదో ఒకటి అడుగుతుంది. చెరపనా, మార్చనా, కలపనా అని. ముక్కూ మొహం తెలియనిది అడిగితే అవునంటానా? తర్వాత అని నొక్కుతాను. అది మళ్ళీ అడుగుతుంది, నేను మళ్ళీ అదే నొక్కుతాను. చూద్దాం, ముందెవరు అలిసిపోతారో."

డ్రాయర్‌లోంచి ఫోన్ తీసి కూతురికి చూపించింది. కాలర్లు, జేబులు, చేతుల అంచులు, కొలతల చీటీలు. ఇంజనీరు వేలితో వాటిని తోసుకుంటూ పోయింది. వాటన్నిటి వెనక, ఎండలో మెరుస్తూ, తెగిన ఉక్కు పోగులు. వంతెన ఫోటోల కింద ఉన్న అంకెను ఆమె పైకే చదివింది. నాలుగు వందల పన్నెండు.

తూనీగ బకిల్ నొక్కాడు. మూడు కేబుళ్ళు దర్జాగా బయటికొచ్చాయి. మూడూ పట్టలేదు. ఫోన్ మరీ పాత మోడల్, దాని పిన్ వేరు. షాపులో ఉన్న ఛార్జర్ వైరు కరెంటు తప్ప ఇంకేమీ మోయదు. తూనీగ బెల్టు సర్దుకోవడాన్ని వాళ్ళమ్మ జాలిగా చూసింది.

రెండూ నలభై. అతను క్లౌడ్ మేడమ్‌కు ఫోన్ చేశాడు.

"కాపీలు తీయకండి," అందామె మెత్తగా. "కాపీ తెస్తే మార్ఫింగ్ అంటారు. ఆ ఫోనే తెచ్చి కమిటీ బల్లమీద పెట్టండి. దారి నేను క్లియర్ చేయిస్తాను."

మాట సబబుగానే అనిపించింది. ఫోన్ ఇలా ఇవ్వమని తూనీగ చేయి చాపితే వాళ్ళమ్మ దాన్ని జేబులో వేసుకుంది. అందులో యాభై మంది కొలతలున్నాయట, తన చేయి దాటదట. టేపు మెడలోనే ఉండగా షాపుకు తాళం వేసి ముందు తనే ట్యాక్సీ ఎక్కింది.

దారిపొడుగునా తూనీగ వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఒక్క బైకూ వెంటపడలేదు. ఏ లారీ అడ్డం రాలేదు. ఆఫీసు గేటు దగ్గర గార్డు సెల్యూట్ కొట్టాడు. లిఫ్ట్ తలుపు తెరిచి పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్ళలో ఏ మిషన్‌లోనూ అతనికోసం లిఫ్ట్ ఆగలేదు. ఆ మర్యాద అతనికి అస్సలు నచ్చలేదు.

మూడూ నలభై ఐదు. పొడవాటి బల్లకు ఒక చివర కమిటీ చైర్మన్, పక్కన విదేశీ కంపెనీ ప్రతినిధి, అతని పక్కన క్లౌడ్ మేడమ్. బయటి మనుషులు దగ్గరికి రాకూడదని తూనీగను తలుపు దగ్గరే ఒక గార్డు పక్కన నిలబెట్టారు. ఇంజనీరు పేరు పిలిచారు. ఆమె రుజువు ఫోన్‌లో ఉందని చెప్పింది. ఫోన్ చేయి దాటనివ్వనందుకు రానిచ్చిన వాళ్ళమ్మ, తలుపు వైపున్న బల్ల రెండో చివర కూర్చుని, జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు పెట్టుకుంది.

ఫోన్ టింగుమంది.

ఆమె భుజం మీదుగా తూనీగకు తెర కనిపించింది. పైన మూలలో, షాపులో లేని చిన్న గుర్తు. వై-ఫై. సిమ్ లేదు కాబట్టి నెట్ రాదనుకున్నాడు. కానీ ఈ ఫోన్ మూడేళ్ళు ఇదే ఆఫీసులో పనిచేసింది. ఇక్కడి పాస్‌వర్డ్ దానికి ఇంకా గుర్తుంది. గుమ్మం దాటగానే క్లౌడ్‌తో మాట్లాడింది. అక్కడ డిలీట్ అయినవి ఇక్కడా డిలీట్ చేయాలని క్లౌడ్ దానికి చెప్పింది. దారి ఎందుకు క్లియర్ అయిందో, ఇంజనీరు పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పడిందో అతనికి ఇప్పుడు అర్థమైంది. క్లౌడ్ మేడమ్ రెండు జీతాలు తీసుకుంటోంది.

తెరమీద ఒక ప్రశ్న. నాలుగు వందల పన్నెండు ఫోటోలను ఈ ఫోన్‌లోంచి కూడా తొలగించాలా? కింద రెండు గళ్ళు.

"అమ్మా, ఫోటోలు తెరవడానికి పర్మిషన్ అడుగుతోంది," అంది క్లౌడ్ మేడమ్, బల్ల ఆ చివరనుంచి, తేనె కారుతున్న గొంతుతో. "అక్షరాలు చిన్నవి, మీకు కనపడవు. అవునని నొక్కేయండి. అన్నీ వచ్చేస్తాయి."

తూనీగ గార్డు చేతి కిందనుంచి దూరి ముందుకు దూకాడు. ఆమెను చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. వేలు పడటానికి ఒకటి చాలు.

వాళ్ళమ్మ కళ్ళజోడు మీదినుంచి నీలి కళ్ళద్దాలను చూసింది. తెరను చూసింది. వేలు దించింది.

"ఏం నొక్కారు?" అన్నాడు తూనీగ, ఊపిరి అందక.

"రోజూ నొక్కేదే. తర్వాత."

అతను ఫోన్‌ను ఆమె చేతిలోనే ఉండనిచ్చి ఫ్లైట్ మోడ్‌లో పెట్టాడు. గుర్తు ఆరిపోయింది. అప్పుడు తలెత్తి, తెర అటువైపు లేకపోయినా ఫోన్ ఏదో అడుగుతోందని మేడమ్‌కు ఎలా తెలిసిందని అందరికీ వినపడేలా అడిగాడు.

మేడమ్ నవ్వి, హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని తలుపువైపు నడిచింది. తలుపులో రికార్డు గుమాస్తా నిలబడి ఉన్నాడు. అతని బీరువాలు ఖాళీ చేయించింది ఆమే. చేతిలో రాకపోకల రిజిస్టరు తెరిచి అడ్డంగా పట్టుకున్నాడు.

"సంతకం పెట్టి వెళ్ళండి మేడమ్. ఇది ఇంకా కాగితంమీదే ఉంది."

ఆమె పక్కకు తప్పుకోబోయింది. గార్డు అప్పటికి ఎటువైపు నిలబడాలో తేల్చుకున్నాడు. పాత మోడల్ ఫోన్ కేబుల్ కోసం తూనీగ గదంతా చూస్తే, పారేయమన్న సామాను పారేయని ఆ గుమాస్తా దగ్గరే ఒకటి దొరికింది.

గోడమీది తెరపై తెగిన పోగులు ఒక్కొక్కటిగా వచ్చాయి. తేదీ, టైము, లొకేషన్. కంపెనీ ప్రతినిధి గడియారం చూసి, మూడూ యాభై ఆరయిందని, కమిటీ టైము అయిపోవచ్చిందని, ఇవన్నీ వచ్చే వారం పరిశీలించవచ్చని అన్నాడు. చైర్మన్ కూడా తల ఊపబోయాడు.

ఇంజనీరు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి క్షమాపణ ఉత్తరం తీసింది. వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు ఒకే వాక్యం రాసింది. వంతెన ఇప్పుడే మూసేయాలి. కింద సంతకం చేసి చైర్మన్ ముందుకు తోసింది.

"నా సంతకం అడిగారుగా సార్. పెట్టాను. ఇప్పుడు మీరు పెట్టండి. పెట్టకపోతే ఆ బస్సులో ముందు సీటు మీకే ఇప్పిస్తాను."

చైర్మన్ తెరమీది పోగులను ఇంకోసారి చూశాడు. పెన్ను మూత తీశాడు. అతని ఫోన్ కాల్ వంతెన దగ్గరికి చేరేసరికి గేటు సగం లేచి ఉంది, బస్సు మొదటి గేరులో ఉంది. డ్రైవర్ తిట్టుకుంటూ ఇంజన్ ఆపాడు. అప్పుడు సరిగ్గా నాలుగైంది.

వారం గడిచింది. ఆ కంపెనీ తీగలున్న మిగతా వంతెనలన్నిటికీ నిచ్చెనలు వేశారు. క్లౌడ్ మేడమ్ విభాగం గదిలో కూర్చుని ముఠా పేర్లు ఒక్కొక్కటే చెబుతోంది. ఇంజనీరు మళ్ళీ స్తంభమెక్కింది. ఇప్పుడు ఆమె ప్రతి సాయంత్రం ఫోటోలు ఫోన్‌లో ఒకటి, ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంకో ఊళ్ళో స్నేహితురాలి దగ్గర ఒకటి ఉంచుతోంది. క్లౌడ్‌లో ఉన్నది లెక్కలోకి రాదట. డిస్క్‌ను కాపీ అవగానే వైరు పీకి బీరువాలో పెడుతుంది.

ఈ మిషన్‌లో ఏ పరికరం పనిచేసిందో రాయమని పెద్దాయన అడిగితే, తూనీగ రిపోర్టులో ఆ గడి ఖాళీగా వదిలేశాడు. బెల్టును స్టోర్స్‌లో తిరిగి ఇచ్చేశాడు. స్టోర్స్ వాళ్ళు కోటు కూడా అడిగారు. చీటీ పట్టుకుని టైలరింగ్ షాపుకు వెళ్ళాడు. కోటు అదే కొక్కేనికి, తను విప్పినట్టే వేలాడుతోంది. ఎప్పుడు ఇస్తారమ్మా అని వినయంగా అడిగాడు.

ఆమె మెషిన్ మీదినుంచి తల ఎత్తలేదు.

"తర్వాత," అంది.