ఖల్లి

ప్రతి శుక్రవారం పొద్దున్నే కఫీలును, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానిని, కారులో అల్ షహానియాలోని ఆయన తోటకు తీసుకెళ్ళడం నా డ్యూటీ. ఆయన రేంజిలో తుపాకీ కాల్చి వచ్చేసరికి తోటలో నా భార్య మాబున్నీసా వంట చేసి ఇల్లు తుడిచేది. కడప నుంచి ఇద్దరం ఒకే విమానంలో వచ్చాం. యల్లా, మాఫీ, ఫులూస్... నాకొచ్చింది ఈ మూడు ముక్కలే. అయినా అరబీ అంతా తెలిసినట్టు ఆమె ముందు మీసం మెలేసేవాణ్ణి. పిచ్చిది, నమ్మేది.

కఫీలుకు ఒక పొట్టి తుపాకీ ఉండేది. గొట్టం మూరెడు. కింది పిడి వెనక్కి లాగి ముందుకు తోస్తే, చకచక్‌మని తూటా ఎక్కుతుంది. దొంగల భయానికి దాన్ని సామాన్ల గదిలో, అరుగు మీద పెట్టేవాడు. ఎప్పుడూ గొట్టం గోడవైపే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఆ అరుగు తుడవబోయింది. చేతిలో నా పాత లుంగీ చింపిన తడిగుడ్డ. కఫీలు ఫోన్లో మాట్లాడుతూనే తుపాకీ వైపు చెయ్యి ఊపి, "ఖల్లి, ఖల్లి" అంటూ బయటికి వెళ్ళాడు.

"ఏమంటాండాడయ్యా?" అని అడిగింది.

"ఖాళీ అంట. ఎత్తి తుడువు."

ఎత్తింది.

ఆ చప్పుడు గురించి నేను చెప్పలేను.

పోలీసులు తుపాకీని, నెత్తురైన గుడ్డను పట్టుకుపోయారు. పొరపాటున పేలిందని రాసుకున్నారు. నలభై రోజులయ్యాక, పక్క తోటలో ఒంటెలు మేపే సమద్‌ను ఊరికే అడిగినట్టు అడిగాను, ఖల్లి అంటే ఏమిటని. వదిలెయ్, ముట్టుకోకు అని అర్థమట. నా మీసమే నా మాబున్నీని పొట్టన పెట్టుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం కఫీలును రేంజిలో దించి, నేనొక్కణ్ణే తోటకు వచ్చాను. మిట్టమధ్యాహ్నం ఇసుకగాలి లేచింది. కిటికీలు ఎర్రబడి, తర్వాత నల్లబడ్డాయి. కరెంటు పోయింది. ఏసీ ఆగిపోయింది. వంటింట్లో కూర్చుని ఉన్నాను. ఎక్కణ్ణుంచో తడిగుడ్డ వాసన...

చకచక్.

సామాన్ల గదిలోంచే. ఆ గదిలో తుపాకీ లేదు.

చకచక్...

కాళ్ళీడ్చుకుంటూ ఆ తలుపు దాకా వెళ్ళాను. లోపల్నుంచి, చాలా మెల్లగా...

"ఏమంటాండాడయ్యా?"

ఆ గొంతు కోసం ఇన్ని రోజులుగా ఏడుస్తున్నాను. ఇప్పుడు పారిపోవాలనిపించింది. సిగ్గేసింది. తలుపుకు నుదురానించాను.

"వదిలెయ్‌మన్నాడు మాబున్నీ. ముట్టుకోవద్దన్నాడు. నాకు... నాకు అరబీ రాదే."

కాసేపటికి గుడ్డతో రుద్దుతున్న చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. తర్వాత ఏమీ లేదు.

తలుపు తీశాను. ఎవరూ లేరు. కిటికీ సందుల్లోంచి వచ్చిన ఇసుక నేలంతా పరుచుకుంది. అరుగు మాత్రం తుడిచి ఉంది, ఇంకా తడి ఆరలేదు. మధ్యలో ఒక్కచోట తుడవలేదు. మూరెడు గొట్టం, పిడి... తుపాకీ ఉండే చోటు మేర దుమ్ము అలాగే ఉంది. దాని చుట్టూ జాగ్రత్తగా తుడిచింది. చెప్పగానే వదిలేసింది. సరిగ్గా చెప్పి ఉంటే ఆ రోజూ వదిలేసేది. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఏడ్చి ఏడ్చి తలెత్తాను. అప్పుడు గమనించాను. ఆ దుమ్ము తుపాకీ గొట్టం గోడవైపు లేదు.

తలుపు వైపుంది. నేను నిలబడి మాట్లాడిన చోటికే గురి.