రెండో వైరస్

"దగ్గరికి రాకండి," అన్నాడు ఏసీ మెకానిక్.

వైరస్‌ల మీద పరిశోధన చేసే ల్యాబ్ అది. ఫ్రీజరు బాగుచేస్తుంటే రేకు అంచు తగిలి అతని అరచెయ్యి తెగింది. దూది పట్టుకుని పరిగెత్తుకొచ్చిన అమ్మాయి, అక్కడ పరిశోధకురాలు, టక్కున ఆగింది.

"కరుస్తారా ఏమిటి?"

"నాకు హెపటైటిస్ బి ఉందండి. పుట్టుకతోనే అమ్మ నుంచి వచ్చింది."

ఆ మాట వినగానే జనం వెనక్కి తగ్గడం అతనికి అలవాటే. ఈమె మాత్రం గ్లవ్స్ తొడుక్కుని ఇంకా దగ్గరికొచ్చింది.

"టీకా వేయించుకున్నాను లెండి. ఆ వైరస్‌తో మీకన్నా నాకే చనువెక్కువ," అంటూ కట్టు కట్టింది.

అతనికి నవ్వొచ్చింది. ఆమె తరవాతి ప్రశ్నతో ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది.

"డి పరీక్ష చేయించుకున్నారా?"

"డి ఏమిటి?"

"బి ఉన్నవాళ్ళకే సోకే ఇంకో వైరస్. రెండూ కలిస్తే లివర్ తొందరగా పాడవుతుంది. వీటిల్లో రకాలు కూడా చాలా ఉన్నాయి. రకాన్ని బట్టి జబ్బు నడక మారుతుంది."

"నాలో ఏ రకం ఉండుంటుందంటారు?"

"మొండి రకం. ఓనర్ని చూస్తే తెలుస్తోందిగా."

డాక్టరు దగ్గర రక్తం ఇచ్చాడు. ఫలితం వచ్చేదాకా ఫ్రీజరు చప్పుడు తేడాగా ఉందంటూ ల్యాబ్‌కి వస్తూనే ఉన్నాడు. అది నిక్షేపంలా పనిచేస్తోందని ఇద్దరికీ తెలుసు. ఒక వాన సాయంత్రం టీ కొట్టు చూరు కింద ఆమె అతని గ్లాసు లాక్కుని గుక్క తాగింది. అతను చటుక్కున గ్లాసు వెనక్కి లాక్కోబోయాడు.

"గ్లాసుతో అంటదు మహానుభావా."

"నాకు తెలుసు. నా భయానికి తెలియదు."

డి ఉందని డాక్టరు చెప్పిన రోజు నుంచి అతను ఆమె ఫోన్లు ఎత్తలేదు. ఓ ఆదివారం ఆమే ఇంటికి వచ్చింది. తలుపు తీసిన అతని తల్లి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మీరు వెళ్ళిపోండి," అన్నాడతను, తలెత్తకుండా.

"మందులున్నాయి కదా."

"పనిచెయ్యకపోతే?"

"చెయ్యకపోవచ్చు కూడా," అందామె. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాలేదు.

తల్లి మెల్లిగా అడిగింది. "మీ ఇంట్లో తెలుసా అమ్మా?"

"చెప్పానండి. నాన్న భయపడుతున్నారు."

"మరి నీకు భయం లేదూ?"

"ఉందండి. చాలా ఉంది. కానీ ఈయన ఇక్కడ, నేనక్కడ విడివిడిగా భయపడేకన్నా, పక్కన కూర్చుని భయపడితే నయమనిపించింది."

తల్లి చెంగుతో మొహం తుడుచుకుంది.

"భయంతోనే నేనూ ఇన్నాళ్ళూ ఆ పరీక్ష జోలికి పోలేదు. రేపు డాక్టరు దగ్గరికి వీడితోపాటు నన్నూ తీసుకెళ్ళు. ముందు కూర్చో తల్లీ, నిలబడే ఉన్నావు."

కూర్చోడానికి అతనున్న బల్ల ఒక్కటే ఉంది. అతను కొంచెం పక్కకి జరిగాడు.