చేతిలో చీమలు

పొద్దున్న ఏడయ్యేసరికి ఆ ఇంట్లో మాటలు ఆగిపోతాయి. కుక్కర్ కూస్తుంది, పైవాళ్ళ కుళాయి కారుతుంది. మనుషులు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ సైగలతో నెట్టుకొస్తారు. ఏడు నుంచి రాత్రి పడుకునేదాకా ఇంగ్లీషే మాట్లాడాలని రూలు పెట్టి రెండు నెలలైంది.

రూలు పెట్టింది ఇంటాయన. ఆయన నిద్ర లేచేదే ఏడింటికి. లిఫ్టు మెకానిక్. పదిహేడేళ్ళ అనుభవం. మోటారు చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పగలడు. కానీ సూపర్‌వైజరు ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే నోట్లో తడి ఆరిపోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి ఆ కుర్చీ అతను పని నేర్పినవాడికే దక్కింది. ఇంట్లో మాట్లాడితేనే నోరు తిరుగుతుందని ఎవరో చెప్పారు. అంతే, ఇల్లు కాస్తా బడి అయి కూర్చుంది.

తెలుగు మాట దొర్లితే ఫ్రిజ్ మీది కాగితంలో పేరు కింద గీత పడుతుంది. ఎక్కువ గీతలున్నవాళ్ళు మరుసటి వారమంతా గిన్నెలు తోమాలి. గీతలు గీసేది పదేళ్ళ కూతురు. తాతయ్య దానికి బడిపంతులమ్మ అని పేరు పెట్టి, ఆ మాట తెలుగులో అన్నందుకు తనే గీత వేయించుకున్నాడు. అప్పటినుంచి ఆయన ఎస్, నో అన్న రెండు మాటలతో బతుకు వెళ్ళదీస్తున్నాడు. "హూ కేమ్?" అని మనవరాలు అడిగినా "ఎస్" అంటాడు.

గిన్నెలు మాత్రం ప్రతివారం ఆ ఇంటి ఇల్లాలి వంతే.

ఆమె దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన మిషను. తలలో వాక్యం కూర్చుకునేలోపు చెప్పాలనుకున్న సంగతి చల్లారిపోయేది. 'హీ' అనాలో 'షీ' అనాలో తేల్చుకునేలోపు మామగారు భోజనం ముగించి లేచిపోయేవారు.

ఆ పొద్దున టీ గ్లాసు ఆమె చేతిలోంచి జారి భళ్ళుమంది.

"వాట్ హ్యాపెండ్?" బూట్ల లేసులు కట్టుకుంటూ అడిగాడు భర్త.

"హ్యాండ్..." తిమ్మిరిని ఏమంటారో ఆమెకు తెలియదు. వేళ్ళలో పాకుతున్నదాన్నే తలుచుకుంది. "యాంట్స్ ఇన్ మై హ్యాండ్."

కూతురు పకపకా నవ్వి, అమ్మ అరచెయ్యి తిప్పి చీమల కోసం వెతికింది.

"నాట్ ఇన్. ఆన్. యాంట్స్ ఆన్ మై హ్యాండ్. రిపీట్," అని దిద్దాడు భర్త.

"ఆన్... మై హ్యాండ్."

"గుడ్," అని సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆమె గాజుపెంకులు ఏరుతూ కూర్చుంది. ఒకటి వేలికి గుచ్చుకుంది. రక్తం కనిపించింది గానీ నొప్పి తెలియలేదు.

సాయంత్రం అతను వచ్చేసరికి బల్ల మీద లేత నీలం పట్టుబట్ట పరిచి ఉంది. ఎవరిదో పెళ్ళిగౌను. నడుము కొలత దగ్గర కత్తెర పక్కకి జారి జానెడు మేర అడ్డంగా కోసుకుపోయింది. ఆమె దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వాట్ ఈజ్ దిస్?"

"నా చెయ్యి పోతోందండీ."

కూతురి చెయ్యి అలవాటుగా పెన్ను మీదికి పోయింది. "అమ్మా, గీత..."

"ఆ పెన్ను అక్కడ పెట్టు," అన్నాడు తాతయ్య. రెండు నెలల్లో ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అదే.

"ఎల్లుండే మూడో ఇంటర్వ్యూ. రెండ్రోజులు ఓపిక పట్టలేరా మీరంతా?" మెకానిక్ గొంతు పెంచాడు. "ఏదైనా ఉంటే ఇంగ్లీషులో చెప్పు."

"నొప్పి నాకు ఇంగ్లీషులో రాదండీ!" ఆమె లేచి నిలబడింది. "బొటనవేలూ, పక్కనున్న రెండు వేళ్ళూ తిమ్మిరి. కళ్ళతో చూస్తే తప్ప సూది పట్టుకున్నానో లేదో తెలియదు. మీకు నాలుగుసార్లు చెప్పాను. మొదటిసారి టెన్స్ తప్పన్నారు. రెండోసారి నవ్వారు. మూడోసారి డిక్షనరీ చూసి రమ్మన్నారు. పొద్దున నా చేతి లోపలున్న చీమల్ని తీసి పైన పెట్టి, గుడ్ అన్నారు."

అతను సంచీ దించి కింద పెట్టాడు.

"కొలతలిచ్చి వెళ్ళిపోతున్న కస్టమర్లని, ఇంకోసారి కొలుస్తానని ఆపుతున్నానండీ. రెండు మాటలాడొచ్చని. నా ఇంట్లో నేను ఇలా బతుకుతున్నాను."

"నేను మాత్రం సరదాకి చేస్తున్నానా?" అతను కుర్చీలో కూలబడ్డాడు. తెలుగులో మాట్లాడుతున్నానన్న ధ్యాసే లేదు. "నా దగ్గర స్పానర్ పట్టడం నేర్చుకున్నవాడు ఇవాళ ఇంగ్లీషులో నాకు పని పురమాయిస్తాడు. సగం అర్థంకాక తల ఊపుతాను. అందరూ నవ్వుతారు. ఎటు తిరిగినా గోడే. ఊపిరాడట్లేదే నాకు."

"ఆ మాట నాతో ఎప్పుడైనా అన్నారా?"

అనలేదు. ఆ మాట ఇంగ్లీషులో అతనికీ రాదు.

అతను ఆమె చెయ్యి అందుకుని బొటనవేలు నొక్కాడు. "తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

బొటనవేలి కింది కండ లోపలికి కుంగి ఉంది. రోజూ తనకు అన్నం వడ్డించే చెయ్యే. అతని కళ్ళు మసకబారాయి. కూతురు వచ్చి అమ్మ నడుం చుట్టూ చేతులేసి మొహం దాచుకుంది. తాతయ్య వంటింట్లోకి వెళ్ళి గిన్నెల ముందు నిలబడ్డాడు.

మర్నాడు సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందన్నారు డాక్టరు. చిన్న ఆపరేషన్ చెయ్యాలి. చేతిపట్టు చాలావరకు వస్తుందిగానీ, పూర్తిగా వస్తుందని మాటివ్వలేమన్నారు.

"మొదట్లోనే వచ్చుంటే పట్టీతో సరిపోయేదేమో. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "చెప్పిందండీ. నేనే వినలేదు."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాడు. రేపటి ఇంటర్వ్యూ ప్రశ్నల కాగితం అతని చొక్కా జేబులోనే ఉంది. ఆ ప్రశ్నలకి రేపు నోరు పెగులుతుందో లేదో అతనికి తెలియదు. ఆమె మాట్లాడుతోంది. పట్టుబట్ట పాడైందని చెబితే పెళ్ళికూతురు ఏడవకుండా తననే ఓదార్చిన సంగతి, పిల్లకి లెక్కల్లో మార్కులు తగ్గిన సంగతి, మామగారికి రాత్రిళ్ళు దగ్గు ఎక్కువైన సంగతి, చేతులు లేకుండానే మిషను తొక్కుతున్నట్టు కలగన్న సంగతి. రెండు నెలల మాటలు, ఒకదాన్ని తోసుకుంటూ ఒకటి.

వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చింది. అతను చూశాడు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

బస్సు కదిలింది.

"ఊఁ, తర్వాత?" అన్నాడు.