ఏ-టూ, ఫ్యామిలీ, నలభై అయిదు నిమిషాలు

నవంబరు మధ్యాహ్నం. మాగ్డెబర్గ్‌లో ట్రామ్ కోసం నిలబడ్డ హష్మత్‌కి తొడ వెనకాల చీమ కుట్టినట్టు చురుక్కుమంది. జర్మనీలో, ఇంత చలిలో, చీమ! తనలో తానే నవ్వుకోబోయాడు. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

అతని వెనకాల ఎవరో బూటు లేసు కట్టుకోవడానికి వంగి, లేచి, జనంలో కలిసిపోయారు.

బెంచీ మీద కూర్చున్న ముసలావిడ గబుక్కున లేచి అతన్ని పట్టుకుంది. తన కోటు విప్పి కప్పింది. అంబులెన్స్ వచ్చేదాకా చెయ్యి వదల్లేదు. పోయే ముందు అతను జర్మన్‌లో చెప్పగలిగింది మూడు ముక్కలు.

“ఏ-టూ. ఫ్యామిలీ. నలభై అయిదు నిమిషాలు.”

మర్నాడు ఎష్‌బోర్న్‌లో, బయట డేటా కన్సల్టెన్సీ అని బోర్డున్న ఒక అద్దాల ఆఫీసులో, వెంకటరామారావు తలుపు గడియ వేశాడు. భారత గూఢచారి సంస్థకి యూరప్‌లో పెద్ద ఆయనే. ఎదురుగా ఏజెంట్ శరత్. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరని లోకానికి చెప్పుకునే మనిషి. మొహంలో నెత్తురు లేదు.

“హష్మత్ భాయ్‌ని చంపింది ఎవరు సార్?”

“స్టాఫ్ రూమ్.”

ఒక పరాయి దేశం డబ్బుతో నడిచే ముఠాకి ఫైళ్ళలో ఉన్న పేరు అది. ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. హష్మత్ మాగ్డెబర్గ్‌లో ఇంగ్లీషు ట్రైనర్ వేషంలో ఏడాదిగా ఆ ముఠా జాడ తీస్తున్నాడు.

“వాళ్ళ టార్గెట్ ప్రొఫెసర్ గౌసియా బేగం,” అన్నాడు రావు. “క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో కొండల మధ్య కాలేజీలో గనుల శాస్త్రం చెబుతుంది. మన హైదరాబాదు ఆవిడే. సరిహద్దు కింద ఎక్కడ సొరంగం తవ్వినా నేల పైనుంచే చెప్పే పరికరం కనిపెట్టింది. శుక్రవారం ఫ్లైటెక్కి అది మన చేతికివ్వాలి. ఈలోపు ఆవిణ్ణి లేపెయ్యాలని వాళ్ళ ప్లాను.”

“నాకు హష్మత్‌ని చంపిన చెయ్యి కావాలి సార్.”

“నాకు గౌసియా గారి ప్రాణం కావాలయ్యా. ముందు అది. నీ పగ తర్వాత.”

కిటికీ దగ్గర నిలబడ్డ భానుప్రియ ఇటు తిరిగింది. ఎర్ర కోటు, భుజాల దాకా జుట్టు. కాకినాడలో పుట్టి లండన్‌లో పెరిగింది. ఆమె ఇంగ్లీషు వింటే లండన్ వాళ్ళే తమ ఉచ్చారణ సరిచూసుకుంటారని ఆఫీసులో జోకు. బ్యాంకు ఆఫీసర్లకి ఇంగ్లీషు నేర్పే టీచరుగా తిరుగుతూ, స్టాఫ్ రూమ్‌లోకి వాళ్ళ మనిషిలా చొరబడ్డ మన మనిషి. డబుల్ ఏజెంట్.

“ఏ-టూ అంటే హైవే,” అందామె. “మాగ్డెబర్గ్ పక్క నుంచే పోతుంది. నలభై అయిదు నిమిషాల దూరంలో వాళ్ళ రహస్య స్థావరం ఒకటుందని విన్నాను. ఫ్యామిలీ అంటే ముఠా.”

జర్మన్ పోలీసులూ అదే అనుకున్నారు. ఫ్యామిలీ హైవే మీద వస్తోందని చెప్పాడని రాసుకున్నారు.

“హష్మత్‌కి ఫ్యామిలీ లేదు,” అన్నాడు శరత్.

“అందుకే అది కోడ్ అంటున్నాను,” అని మెత్తగా అతని భుజం తట్టింది. “బాధలో ఉన్నావు. నేను చూసుకుంటాలే.”

“నువ్వు వెళ్ళు శరత్,” అన్నాడు రావు, తాళాలు బల్ల మీద జరుపుతూ. “నా కారు సర్వీసింగ్‌లో ఉంది. ఇది మా కో-బ్రదర్ కారు. గీత పడిందంటే ఇంట్లో నాకు అన్నం ఉండదు.”

శరత్ నేరుగా హైవే ఎక్కలేదు. ముందు మాగ్డెబర్గ్‌లో, హష్మత్ చెయ్యి పట్టుకున్న ముసలావిడ ఇంటికి వెళ్ళాడు.

ఫ్రౌ లేమన్ మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. శరత్‌ని చూడగానే, “మీరేనా ఫ్యామిలీ?” అంది.

అవునన్నాడు. అబద్ధమనిపించలేదు.

“అంబులెన్స్ వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే కూర్చున్నాను,” అందావిడ. “నలభై అయిదు నిమిషాల్లో ఇంట్లోవాళ్ళు వస్తారని చెప్పాడు కదా. వచ్చేసరికి ఎవరూ లేకపోతే ఎలా? చీకటి పడ్డాక ఇంటికొచ్చాను. క్షమించండి.”

 పరాయి దేశంలో, ఆ చలిలో, ఎవరో తెలియని మనిషికి లేని కుటుంబం కోసం ఒకావిడ ఎదురుచూసింది.

ఆవిడ లోపలికెళ్ళి ఒక ఉన్ని మఫ్లర్ తెచ్చింది. హష్మత్‌ది. కిందపడి బురదైందని ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉంచింది.

“ఇంకేమైనా చెప్పాడా అమ్మా?”

“చెప్పలేదు. వేళ్ళు మాత్రం ఇలా ఆడించాడు. పియానో వాయించినట్టు.”

శరత్ ఆ వేళ్ళ వంక చూశాడు. పియానో కాదు. కీబోర్డు. టైప్ చెయ్యమంటున్నాడు!

కారులో కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. లోకంలోని ఇంగ్లీషు టీచర్లంతా తమ పాఠాలు పంచుకునే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ ఒకటుంది. ఎవరైనా పాఠం ఎక్కించవచ్చు, ఎవరైనా దించుకోవచ్చు. హష్మత్ పొద్దస్తమానం అందులోనే ఉండేవాడు. శరత్ పేజీ తెరిచాడు. సెర్చ్ పెట్టె కింద ఖాళీ గడులు కనిపించాయి.

లెవెల్? ఏ-టూ. నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండో మెట్టు.

టాపిక్? ఫ్యామిలీ.

పాఠం ఎంతసేపు? నలభై అయిదు నిమిషాలు.

ఎంటర్ నొక్కాడు. వందల పాఠాలు వచ్చి పడ్డాయి. ఒక్కొక్కటే తెరిచాడు. అమ్మమ్మ పుట్టినరోజు, నాన్న వంట, కుక్కపిల్లతో సహా వంశవృక్షం. కళ్ళు మండాయి. ఒకచోట వేలు ఆగింది. పాఠం ఎక్కించినవారి పేరు క్లెయిర్ విట్‌మోర్. జతపరచమని ఇచ్చిన మాటల్లో ఒకటి: నా భార్య చెల్లెలి భర్త నాకు ఏమవుతాడు?

జవాబు: కో-బ్రదర్.

శరత్‌కి నవ్వొచ్చింది. రెండేళ్ళ కిందట ఒక పార్టీలో తన తోడల్లుణ్ణి ఓ ఇంగ్లీషు దొరకి “మై కో-బ్రదర్” అని పరిచయం చేశాడు. ఆ దొర బిత్తరపోయాడు. హష్మత్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“అరె మియా, ఆ మాట ఇంగ్లీషులో లేదు! మీ తెలుగోళ్ళు తయారుచేసుకున్నారు. మాకు హమ్‌జుల్ఫ్ ఉంది, మీకు తోడల్లుడున్నాడు. పాపం దొరలకి ఆ చుట్టరికం కష్టం తెలీదు, అందుకే మాట పుట్టలేదు.”

ఇంగ్లండులో పుట్టిన ఏ క్లెయిరూ ఈ మాట రాయదు. ఈ పాఠం రాసింది మనవాళ్ళలో ఎవరో.

కింద ఖాళీలు పూరించే అభ్యాసం ఉంది. శరత్ చదివాడు. గెయిల్ ఆంటీ కొండల్లోని చిన్న ఊళ్ళో రాళ్ళ మీద పనిచేస్తుంది. శుక్రవారం ఊరెళ్తుంది. వెళ్ళకూడదు. గెయిల్ అంటే గౌసియా! ఆ తర్వాతి వాక్యం: హెచ్ అంకుల్ వర్క్‌షీట్లు ఎక్కువగా చదువుతాడు. పాపం, అతనికి ట్రామ్ అందదు.

హష్మత్ తన చావు కబురు తానే చదువుకుని, మనకి చెప్పాలని ట్రామ్ దగ్గరికి వచ్చాడన్నమాట. స్టాఫ్ రూమ్ అనే పేరు ఎందుకొచ్చిందో కూడా శరత్‌కి అప్పుడు తెలిసింది. హంతకులు పాఠాలు రాసుకుంటున్నారు.

ఎవరు రాశారు? హష్మత్ ప్రయాణం తెలిసింది ఇద్దరికే, రావుకీ భానుప్రియకీ. తాళాలు జరుపుతూ రావు అన్న మాట చెవిలో మోగింది. మా కో-బ్రదర్ కారు. అంటే, రాసింది ఆయనేనా?

కాదు. ఒక్క క్షణం. రావు ఇంగ్లీషు టీచరు కాదు, ఏ-టూ అంటే ఆయనకి హైవే గుర్తుకొచ్చినా తప్పులేదు. కానీ రోజూ ఇంగ్లీషు పాఠం చెప్పే మనిషికి? ఏ-టూ అనగానే మొదట లెవెల్ గుర్తురాని ఇంగ్లీషు టీచరు భూప్రపంచంలో ఉంటుందా? ఉంటుంది. గుర్తొచ్చీ దాచిపెట్టినదైతే ఉంటుంది.

భానుప్రియకి ఫోన్ చేశాడు.

“గౌసియా గారిని చోటు మారుస్తున్నాను. క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో పాత గని మ్యూజియం ఉంది కదా, రేపు మధ్యాహ్నం దాని సొరంగంలో. సార్‌కి కూడా చెప్పలేదు. నీకు మాత్రమే.”

“మంచి పని చేశావు,” అంది. గొంతు తేనెలా ఉంది.

పొద్దున లేచి మళ్ళీ అదే సెర్చ్. ఏ-టూ. క్లెయిర్ విట్‌మోర్. కొత్త పాఠం పైకి తేలింది. పేరు: ఎట్ ద మ్యూజియం. మొదటి ఖాళీ: గెయిల్ ఆంటీ ఎక్కడుంది? నేల కింద.

శరత్ లాప్‌టాప్ మూశాడు. ఇక రుజువు అక్కర్లేదు. మనిషి కావాలి. కోర్టు, లాయరు, టెర్మిన్ అని జర్మన్లు పిలిచే అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఎదురుచూపులు, ఇవేవీ అతని మనసులో లేవు.

పథకమంతా విన్న గౌసియా బేగం ఇంట్లో దాక్కోనంది.

“నా కోసం ఒక పిలగాడు సచ్చిపోయిండు భాయ్. సంపినోళ్ళ మొహం నేను చూడాలె.”

“ప్రమాదం మేడమ్.”

“నలభై ఏండ్లు గనులల్ల దిగిన. ప్రమాదం నాకు చెప్తవా?”

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఆవిడ పొడుగు కోటు, తలకు కట్టుకునే స్కార్ఫు, మాస్కు శరత్ వేసుకుని సొరంగంలో బెంచీ మీద వంగి కూర్చున్నాడు. మెడకి, స్కార్ఫు కింద, హష్మత్ మఫ్లర్. గౌసియా మ్యూజియం ఏప్రన్ కట్టుకుని, ఆ బెంచీకి కొద్ది దూరంలోనే, సందర్శకులకి హెల్మెట్లు అందించే బల్ల వెనక నిలబడింది.

భానుప్రియ ఒక్కతే వచ్చింది. గౌసియా చేతుల్లోంచే హెల్మెట్ తీసుకుంది. మొహం చూడలేదు. హెల్మెట్ ఇచ్చే మనిషి మొహం ఎవరు చూస్తారు? చేతిలో క్లాసులో బోర్డు మీద రాసే ఎర్ర మార్కర్ ఉంది. మూత తీస్తే సిరా బదులు సూది.

మెల్లగా బెంచీ దగ్గరికొచ్చింది. రెండడుగుల దూరంలో ఆగి, కిందికి చూసింది.

“గెయిల్ ఆంటీకి పాదాలు ఇంత పెద్దవా, శరత్?”

శరత్ తలెత్తాడు. సరిగ్గా అప్పుడే, వెనక నుంచి గౌసియా నోట అసంకల్పితంగా మాట జారింది. “యా అల్లా!”

భానుప్రియ గిరుక్కున తిరిగింది. ఏప్రన్ వెనకున్న మనిషి ఎవరో ఆ రెండు మాటలతో అర్థమైపోయింది. మార్కర్ ఎత్తి బల్ల వైపు దూకింది. పొడుగు కోటు కాళ్ళకి అడ్డం పడుతున్నా శరత్ లేచి, బల్ల మీదికి ఎగిరి, ఇద్దరి మధ్యా పడ్డాడు. గౌసియా గొంతు కోసం వచ్చిన సూది శరత్ మెడలో దిగింది.

దిగలేదు. ఫ్రౌ లేమన్ వేడినీళ్ళలో ఉతకడంతో ఉన్ని దగ్గరికి ముడుచుకుని అట్టలా గట్టిపడింది. సూది మఫ్లర్‌లో ఇరుక్కుని విరిగింది.

మరుక్షణంలో భానుప్రియ నేలమీద ఉంది. శరత్ మోకాలు ఆమె వీపు మీద ఉంది. విరిగిన సూదిలో ఇంకా సగం విషం. అది ఆమె మెడకి వెంట్రుకవాసి దూరంలో.

“పొడువు,” అందామె, రొప్పుతూ. “హష్మత్ నిన్ను తమ్ముడనేవాడుగా. పొడిచెయ్!”

శరత్ పొడవగలడు. రెండు రోజులుగా అతనికి అన్నం ముద్ద దిగింది ఈ క్షణం కోసమే. కానీ మెడకి తగులుతున్న ఉన్నిలోంచి సబ్బు వాసన వచ్చింది. హష్మత్ పోతుంటే ఒకావిడ చెయ్యి పట్టుకుంది. ఇక్కడ ఇది పోతే పట్టుకునే చెయ్యి లేదు. తను పట్టుకోడు. గౌసియా పట్టుకోదు. అలాంటి చావు ఇంకొకరికి తన చేత్తో ఇవ్వడానికి అతనికి మనసొప్పలేదు.

కిందపడ్డ మూత వెతికి, మార్కర్‌కి టక్కున పెట్టాడు.

“పొడవను. నువ్వు బతకాలి. చాలా ఏళ్ళు బతికి, ఒకే ఒక్క విషయం తలుచుకుని కుమిలిపోవాలి.”

“ఏమిటది?”

“నువ్వెలా దొరికావో తెలుసా?”

ఆమె మెడ తిప్పి చూసింది.

“నీ ఇంగ్లీషులో తప్పుంది.”

“అబద్ధం!”

“కో-బ్రదర్. ఆ మాట ఇంగ్లీషులో లేదు. లండన్‌లో ఎవరినైనా అడుగు. కాకినాడ నిన్ను పట్టిచ్చింది భానూ.”

నేలమీద పడ్డప్పుడు కూడా చెదరని ఆ మొహం అప్పుడు పాలిపోయింది. గౌసియా ఫోన్ చేసి పిలిచిన జర్మన్ పోలీసులు నడిపించుకుపోతుంటే పెదాలు ఏదో గొణుగుతున్నాయి. ఏ భాషలోనో తెలియలేదు.

శుక్రవారం గౌసియా బేగం ఫ్లైటెక్కింది. ఎక్కేముందు మఫ్లర్‌ని ఒకసారి కళ్ళకద్దుకుని తిరిగిచ్చింది.

శరత్ ఎయిర్‌పోర్టులోనే కూర్చుని లైబ్రరీ తెరిచాడు. ఆ పాఠం కింద టీచర్లు అభిప్రాయం రాసే చోట ఇలా రాశాడు: ‘చాలా ఉపయోగపడింది. ఒక్క తప్పు. కో-బ్రదర్ అనే మాట ఇంగ్లీషులో లేదు. ఈ సంగతి నాకు నేర్పినవాడు హష్మత్, ఇంగ్లీషు టీచర్.’

అప్పుడే రావు ఫోన్ చేశాడు.

“చదివానయ్యా నువ్వు రాసింది. నిజంగానే లేదా ఆ మాట?”

“లేదు సార్.”



“సరేగానీ, ముందా కారు తెచ్చివ్వు. ఇంగ్లీషులో లేకపోతేనేం, మా కో-బ్రదర్ పొద్దుణ్ణుంచీ ఫోన్లు చేసి నన్ను చంపుకు తింటున్నాడు!”