ఆఖరి సిట్టింగ్

కొట్టు తెరిచేనాటికి నూకరాజు చేతిలో ఉన్నవి ఇవి: ఖరగ్‌పూర్ గోల్ బజారులో రెండు తలుపుల ఫ్యాన్సీ కొట్టు, అద్దాల బీరువా నిండా స్నోలూ పౌడర్లూ, దారిన పోయేవాళ్ళని నిలబెట్టి మాట్లాడించగల నోరు, ముఖం నిండా మొటిమలు.

మొదటి మూడూ ఆస్తి. నాలుగోది ఆ మూడింటినీ తినేస్తోంది.

వర్క్‌షాపు మేస్త్రీల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చేవారు. స్నో బుడ్డి చేతిలోకి తీసుకునేవారు. ఒకసారి అతని ముఖంకేసి చూసేవారు. బుడ్డి కింద పెట్టి, జడపిన్నులు కొనుక్కుని వెళ్ళిపోయేవారు. సరుకు ఎంత మంచిదైనా అమ్మేవాడి ముఖమే అడ్డం తిరిగితే ఏం చేస్తాం?

పందొమ్మిది వందల అరవై ఏడు, వానలు మొదలైన రోజుల్లో జ్ఞానరత్నం ఆ కొట్టు మెట్లెక్కింది. నిమ్‌పురా రైల్వే షెడ్డులో ఫిట్టరు సమూయేలు గారి కూతురు. కలకత్తాలో ఒక చైనా ఆవిడ నడిపే పార్లర్లో ఫేషియల్ పని నేర్చుకుని అప్పుడే తిరిగొచ్చింది. తడిసిన గొడుగు గుమ్మం బయట ఆనించి లోపలికొచ్చింది.

"ముల్తానీ మట్టి ఉందా అండి? వాసన కలపనిది."

"మట్టి ఎందుకండీ దీదీ? ఇదిగో, కొత్త స్నో. రాత్రి రాసుకుంటే పొద్దుటికి ముఖం సెంద్రుడే."

"మీరు రాసుకుంటారా?"

"రోజూ!"

"తెలుస్తానే ఉంది."

బోణీ బేరంలోనే దెబ్బ. కానీ నూకరాజు దెబ్బ తిన్నచోటే ఇంకో బేరం వెతుక్కునే రకం.

"అయితే మీరే బాగుసెయ్యండి" అన్నాడు.

"నేను ఆడవాళ్ళకే చేస్తాను. అదీ ఎక్కడైనా గది దొరికితే."

"గది నా కొట్టు ఎనకాలే ఉంది. కిటికీ ఉంది, కుళాయి ఉంది. ఊరికే వాడుకోండి. బదులుగా ఈ ముఖం బాగుసెయ్యండి. ఇది బాగుపడితే మీకు వేరే బోర్డు అక్కర్లేదు. పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గర నేనే మీ బోర్డు."

ఆమె దగ్గరకొచ్చి, సంతలో వంకాయ పుచ్చు చూసినట్టు అతని ముఖాన్ని అటూ ఇటూ చూసింది.

"బోర్డుకి చాలా రిపేరుందండి" అంది.

మొదటిరోజు ముఖాన్ని ముట్టుకోనేలేదు. ఏదో కలిపి, చెవి వెనక ఒక్క చుక్క అద్ది పంపేసింది.

"ఇంతేనా? ఒక్క సుక్కకి ఒక పూటా?"

"మీది ఉలిక్కిపడే చర్మం. ముందు చెవి ఎనకాల అడగాలి. అక్కడ మంట లేకపోతేనే ముఖం మీద చెయ్యి వెయ్యాలి."

"నా కొట్లో ఇలా అడిగితే ఒక్కరూ కొనరు."

"అందుకే కదా మీ ముఖం ఇలా ఉంది."

అప్పటినుంచి బజారు సెలవురోజు మధ్యాహ్నాలు అతని సిట్టింగులు. గుమ్మంలో రత్నం వాళ్ళమ్మ సుజాతమ్మ కుర్చీ వేసుకుని లేసు అల్లుకుంటూ కూర్చునేది. ఆవిరి కాసేపే పట్టేది రత్నం. చెంప ఎర్రబారగానే తుండుగుడ్డ తీసేసేది. పండిన మొటిమని మాత్రమే మెత్తటి గుడ్డ చుట్టిన వేళ్ళతో తేల్చేది. పచ్చివాటి జోలికి పోయేది కాదు. మల్లు గుడ్డలో ఐసుముక్క చుట్టి ఆనించేది. తర్వాత నుదుటికీ ముక్కుకీ మట్టి పూత.

"ఏటండీ, ఇంత సల్లగా..."

"మాట్లాడకండి. మట్టి పగులుతుంది."

నోరే పెట్టుబడిగా బతికే మనిషికి అంతకన్నా శిక్ష లేదు. కానీ నోరు మూసుకున్నాక అతనికి చాలా వినిపించాయి. రేకుల మీద వాన. ఆమె గాజులు. తనలో తాను పాడుకునే చర్చి పాట. కళ్ళు మూసుకుని పడుకుంటే ఆ వేళ్ళు ఎప్పుడు ఏ చెంపకి వస్తాయో ముందే తెలిసేది. తెలిసినా ప్రతిసారీ గుండె ఒక మెట్టు దిగేది.

ఒకరోజు మట్టి పగిలినా పగలనీ అనుకున్నాడు.

"రత్నంగారూ, మీకో మాట..."

"ష్. నా చేతి కింద ఉన్న ముఖంతో వేరే మాటలు మాట్లాడను. మా కలకత్తా మేడం రూలు. పని అయ్యాకే ఏదైనా."

అతనికి 'మాట్లాడను' అన్నదొక్కటే వినిపించింది.

దుర్గాపూజ పందిళ్ళకి వెదుళ్ళు పాతే వేళకి మొటిమలు తగ్గిపోయాయి. వర్క్‌షాపు ఫోర్‌మన్ జగ్గారావు గారి భార్య అప్పలనర్సమ్మ కొట్టు ముందు ఆగిపోయింది.

"ఏటి నూకరాజూ, ముఖం పెళ్ళికొడుకులాగ ఉందేటి? ఏటి రాస్తన్నావు?"

"నేను రాసేదేటీ లేదమ్మా. ఎనక గదిలో దీదీని అడగండి."

ఆడవాళ్ళు వెనక గదికి వరసకట్టారు. కూతుళ్ళని తెచ్చారు, కోడళ్ళని తెచ్చారు. వెళ్తూ వెళ్తూ స్నో కాకపోయినా పన్నీరు కొన్నారు. కొట్టుకీ కళ వచ్చింది, గదికీ పేరు వచ్చింది.

ఆ వారం రత్నం అతన్ని కిటికీ వెలుగుకి తిప్పి, గడ్డం పట్టుకుని చూసింది.

"ఇంకొక్క సిట్టింగ్. అయిపోయింది" అంది. అని, ఎందుకో నవ్వు దాచుకుంటూ గిన్నె కడగడానికి అటు తిరిగింది.

నూకరాజుకి నవ్వు కనిపించలేదు. 'అయిపోయింది' అన్నది కనిపించింది. తయారైన సరుకు కొట్లో ఉండదు. ముఖం తయారైపోతే ఆడవాళ్ళ గదిలోకి తనెలా వెళ్తాడు? ఏ సాకుతో? వ్యాపారికి ఒక్కటే తెలుసు: అవసరం తీరిపోతే బేరం ఆగిపోతుంది. కాబట్టి అవసరం తీరకూడదు.

ఆ సాయంత్రం సైకిలెక్కి ఊరి అవతల ఇందా పేటకి వెళ్ళాడు. బెంగాలీ కొట్లో సలసల కాగే నూనెలో వేయించిన బేగునీలు, అంటే వంకాయ బజ్జీలు, కడుపునిండా తిని, ఆ నూనె చేత్తోనే ఎడమ చెంప తుడుచుకున్నాడు. ఇంటికొచ్చి స్నో దట్టంగా పట్టించుకుని పడుకున్నాడు. రోజూ అదే పని.

మళ్ళీ సిట్టింగుకి ఎడమ చెంప మీద మూడు మొటిమలు లేచాయి. ఆ రోజు గుమ్మంలో సుజాతమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. రత్నం మంచి చీర కట్టుకుంది. అతను రెండూ గమనించలేదు. ఆమె అతని చెంప గమనించింది.

"ఏటండి ఇది? ఏటి తిన్నారు?"

"ఏటీ లేదు."

"ఏటి రాసినారు?"

"మీరు సెప్పిందే."

ఆమె ముఖంలో వెలుగు పోయింది. "అయితే ఇంకా అవ్వలేదు" అంది మెల్లగా. అతను లోలోపల పండగ చేసుకున్నాడు.

తర్వాతి వారం కూడా అదే. రత్నం మట్టి మార్చింది. ఆవిరి మానేసింది. కుళాయి నీళ్ళని అనుమానించి మరిగించి చల్లార్చింది. ఎన్నడూ తడబడని వేళ్ళు చెంప మీద ఆగి, ఆలోచించి, వణకసాగాయి. ఆ వణుకు తన కోసమేననుకుని నూకరాజు కళ్ళు మూసుకుని మురిసిపోయాడు.

అదే వారం అప్పలనర్సమ్మ తన కూతురు ఉమని తీసుకొచ్చింది. ఎండ తగిలితే కందిపోయే ముఖం, నుదుటినిండా మొటిమలు. విజయనగరం నుంచి పెళ్ళిచూపులకి వస్తున్నారు.

రత్నం ఉమని చూసింది. గుమ్మంలోంచి గల్లాపెట్టె దగ్గరున్న నూకరాజు చెంపని చూసింది.

"నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయిందమ్మా. తగ్గినవి మళ్ళీ ఎందుకు లేస్తన్నాయో తెలీకుండా ఈ పిల్ల ముఖం ముట్టుకోను. మీరూ ఏటీ రాయకండి. వట్టి నీళ్ళతో కడగండి."

"ముట్టుకోవా? మరి ఇంతమంది ముఖాలు ముట్టుకున్నావు కదేటి? పోనీ, నాకు సేతుల్లేవేటి!"

ఇంటికెళ్ళి అప్పలనర్సమ్మ కొట్టిన పసుపూ, నిమ్మరసం, నలుగుపిండీ కలిపి కూతురి ముఖం అరగదీసింది. తెల్లారేసరికి ఉమ ముఖం వాచి ఎర్రబడింది. కళ్ళు కూడా సరిగ్గా తెరుచుకోలేదు. విజయనగరం వాళ్ళు కాఫీ తాగి, మళ్ళీ వస్తామని లేచిపోయారు.

మధ్యాహ్నానికి అప్పలనర్సమ్మ కొట్టు ముందుంది. "ఆ రత్నం సెయ్యి మంచిది కాదు! నీ సెంప సూడు, నా పిల్ల ముఖం సూడు!" అని అరిచింది. తన నలుగుపిండి మాట ఎత్తలేదు.

వెనక గది కర్టెన్ కదిలింది. నూకరాజు ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా, ఆ అమ్మాయి తప్పేటీ లేదు. నా సెంప మీద నేనే కావాలని నూనె పూసుకున్నాను."

"కావాలనా? ఎవుడైనా ముఖం పాడుసేసుకుంటాడేటి? ఆ పిల్ల మీద మనసుండి నింద నీ నెత్తినేసుకుంటన్నావు. స్నో రాస్తే సెంద్రుడన్నావు, నమ్మినాను. పౌడరేస్తే తెల్లబడతారన్నావు, నమ్మినాను. ఇది నమ్మను పో!"

జన్మలో చెప్పిన ఒకే ఒక్క నిజం ఎవరూ కొనలేదు. అన్నాళ్ళూ అమ్మిన మాటల ఫలితం అది.

ఒక్క రత్నం నమ్మింది. కర్టెన్ పట్టుకుని నిలబడి అడిగింది.

"ఎందుకు?"

"ముఖం బాగైపోతే మీ గదిలోకి రావడానికి నాకు సాకేటి?"

ఆమె గదిలోకి తిరిగింది. సామాన్లు ఒక్కొక్కటీ దూదిలో చుట్టి పెట్టెలో పెట్టుకుంది.

"నిద్రపట్టేది కాదు నాకు. నేర్చుకున్నదంతా తప్పేమో అనుకున్నాను. నా చేతుల్ని చూసి నేనే భయపడ్డాను నూకరాజు గారూ."

"ఉండిపోండి. అందరికీ సెప్తాను."

"చెప్పినారు కదా. విన్నాను."

ఉమ ముఖం తగ్గేదాకా మాత్రం ఉంది. రోజూ జగ్గారావు గారి క్వార్టర్‌కి వెళ్ళి, తల్లి సణుగుతున్నా పట్టించుకోకుండా, చల్లటి పాలలో ముంచిన గుడ్డ ఆ పిల్ల ముఖం మీద పరిచేది. వాపు తీసి, ఎరుపు తీసి, కలకత్తా రైలెక్కి మేడం దగ్గరకి వెళ్ళిపోయింది. ఉమకి మరుసటి ఏడు అదే విజయనగరం సంబంధం కుదిరింది. ఆ మెప్పు అప్పలనర్సమ్మ నలుగుపిండి ఖాతాలో పడింది.

నూకరాజు బేగునీలు మానేశాడు. స్నో మానేశాడు. పొద్దునా సాయంత్రం వట్టి నీళ్ళు. చెయ్యి పెట్టుకోవడం మానేశాడు. శీతాకాలం వెళ్ళేసరికి ఎడమ చెంపన ఒక సన్నటి మచ్చ తప్ప ముఖమంతా నున్నబడింది.

సరుకు కోసం కలకత్తా వెళ్ళినప్పుడు పార్లర్ వెతుక్కుంటూ వెళ్ళాడు. దర్వాన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఓన్లీ లేడీస్, దాదా."

"లోపలికి రానులే. రత్నం దీదీకి సెప్పు, ఖరగ్‌పూర్ బోర్డు వచ్చిందని."

ఆమె గుమ్మం దాకా వచ్చింది. ఒక్క వేలితో గడ్డం పట్టుకుని, ముఖాన్ని వీధి వెలుగుకి తిప్పింది. ఎడమ చెంప దగ్గర ఆ వేలు కాసేపు ఆగింది. ఈసారి వణకలేదు.

"ఇప్పుడు పూర్తయింది" అంది.

"అయితే ఇప్పుడు వేరే మాట మాట్లాడొచ్చా?"

రత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆఖరి సిట్టింగ్ అన్న రోజు మా అమ్మని ఇంట్లోనే ఉండమన్నాను. పని అయ్యాక ఆ మాట నేనే మొదలెడదామని. మీరు మూడు మొటిమలతో వచ్చినారు."

వీధిలో ట్రామ్ గంట కొట్టుకుంటూ పోయింది.

"ముఖం బాగుంటే రాకూడదని ఎవరన్నారండీ మీకు?"

"ఎవరూ అనలేదు" అన్నాడు. "ఇప్పుడు...?"

"మొన్న క్రిస్మస్‌కి మా వాళ్ళు నా పెళ్ళికి మాట ఇచ్చేసినారు. ఆద్రాలో రైలు గార్డు. మంచివాడు." లోపల్నుంచి ఎవరో పిలిచారు. ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఎండలో తిరక్కండి. ఏదైనా కొత్తది రాసుకుంటే ముందు చెవి ఎనకాల."

ఇప్పుడు గోల్ బజారులో ఎవరైనా స్నో అడిగితే నూకరాజు ముందు బుడ్డి మూత తీస్తాడు. చెవి వెనక ఒక్క చుక్క రాసుకోమంటాడు. మంట లేకపోతే రేపు రండి, అప్పుడే అమ్ముతానంటాడు. సగంమంది మళ్ళీ రారు. వచ్చినవాళ్ళు ఇంకో కొట్టుకి పోరు. అతని మాటని ఇప్పుడు అప్పలనర్సమ్మ కూడా నమ్ముతుంది. వెనక గది ఎవరికీ ఇవ్వలేదు.

మొత్తం కలిపి చూస్తే అతనికి మిగిలినవి ఇవి: మాట మీద నమ్మకమున్న కొట్టు, ఎడమ చెంపన సన్నటి మచ్చ ఒకటి, అది తప్ప ఇంకే లోపం లేని ముఖం. రోజూ పొద్దున్నే బీరువా అద్దంలో ఆ ముఖాన్ని ఒకసారి చూసుకుని, చేత్తో ముట్టుకోకుండా, కొట్టు తెరుస్తాడు.